పట్టుకో, పట్టకు

మొన్న మా మనవరాలు సహస్ర ఫోన్ చేసి, "తాతా, కార్నర్ వస్తే బంతిని పట్టుకోవాల్నా, గుద్దాల్నా?" అని అడిగింది. నేను ఉద్యోగమంతా కోరుట్లలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. నిద్రలో లేపి అడిగినా సంధులూ సమాసాలూ విడదీసి చెప్పగలను. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఒక్క సంధి అడిగిన పాపాన పోలేదు. అడగక అడగక, ఈ లోకంలో నాకు నోరెత్తే అర్హత లేని సంగతి ఏదైనా ఉందంటే సరిగ్గా అదే అడిగింది. జగిత్యాలలో మా బిడ్డ ఇంటి పక్క స్కూల్లో చదువుతుంది సహస్ర. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. శనివారం కోరుట్ల పిల్లలతో ఆట ఉందట. "నువ్వు గూడ గోల్‌కీపర్‌వే గద తాతా, చెప్పు" అంది. నేనొకప్పుడు సిరిసిల్లలో గోల్‌కీపర్‌నన్నది నిజమే. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ చెవులు చిల్లులు పడేలా చెప్పింది నేనే. సిరిసిల్లలో నా తోటివాళ్ళను అడిగితే మాత్రం రాజేశం గోల్‌కీపర్ అని చెప్పరు, "ఎవలు, గుద్దుడు రాజేశమా?" అంటారు. "ఫోన్‌ల చెప్పేది కాదు బిడ్డా, నేనే వచ్చి చెప్త" అని గంభీరంగా అనేసి, శనివారం పొద్దున్నే సిరిసిల్లలో జగిత్యాల బస్సెక్కాను. నిజానికి జవాబు వెతుక్కోవడానికి నాకు ఆ మాత్రం దూరం కావాల్సి వచ్చింది.

బంతిని పట్టాలా గుద్దాలా అన్నది మిగతా ప్రపంచానికి ఆట సంగతి కావచ్చు. మా ఇంట్లో అది సాంచాల సంగతి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఇంటి ముందు భాగమంతా అవే, వెనక మిగిలిన జాగాలో మేము. పొద్దున లేస్తే పొయ్యి మీది చాయ వాసన కంటే ముందు మెషిన్ ఆయిలూ, నూలుకు పెట్టిన గంజీ, వేడెక్కిన మోటారూ కలిసిన వాసన వచ్చేది. బాపు, అంటే మా నాన్న, తెల్లారకముందే లేచి, చెవి వెనక బీడీ పెట్టుకుని, నూనె డబ్బాతో ఒక్కో సాంచా చుట్టూ తిరుగుతూ దాని కీళ్ళకు నూనె వేసేవాడు. తర్వాత స్విచ్చి వేసేవాడు. ఇక అప్పటి నుంచి మా ఇంట్లో మాట అనేది వినపడేది కాదు, కనపడేది. అమ్మను మేము అవ్వ అంటాం. అవ్వ వంటింట్లోంచి బువ్వకు రమ్మని పిలిస్తే గొంతు అందదు, గడపలో నిలబడి మూతి కదిలిస్తే బాపుకు అర్థమయ్యేది. మేము పిల్లలం కూడా పెదవులు చూసి మాటలు పట్టేవాళ్ళం. మూతి ముందుకు సాగితే ఒక మాట, పళ్ళు కనపడితే ఇంకో మాట. మా వీధి వీధంతా ఇదే భాష. అందుకే కాబోలు, బయట ఊళ్ళకు పోతే మేము అందరి మూతుల వైపూ కళ్ళార్పకుండా చూస్తామనీ, మామూలుగా పలకరించినా కొట్లాటకు వచ్చినట్టు అరుస్తామనీ మా మీద ఒక పేరు. కోరుట్లలో నా మొదటి పాఠం విని పక్క తరగతి పంతులు పరుగెత్తుకొచ్చాడు, ఎవరినో కొడుతున్నాననుకుని.

ఈ సాంచాల మధ్య మాకు అన్నిటికంటే భయం నాడె అంటే. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ ఉరుకుతూ అడ్డం నూలు పరిచే కర్ర ముక్క అది. రెండు కొనలకూ ఇనుప మొనలుంటాయి. ఎప్పుడైనా ఒక పోగు తెగి చిక్కుపడితే, ఆ నాడె తన దారి తప్పి సాంచాలోంచి ఎగిరి బయట పడేది. ఎటు వస్తుందో తెలియదు. మా బాపు కుర్రతనంలో అట్లా ఎగిరొచ్చిన నాడెను, నూలు పాడవుతుందని, గబుక్కున చేయి చాచి పట్టుకోబోయాడట. కుడిచేతి నడిమి వేలు అక్కడే విరిగింది. కట్టు కట్టింది ఎవరో గానీ వేలు మళ్ళీ నిటారుగా అతకలేదు. తెగిన పోగును రెండు వేళ్ళతో నలిపి ముడివేయడం నేత పనిలో గంటకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. ఆ ముడి బాపుకు ఇక చక్కగా పడేది కాదు. అవ్వ కండెలు చుట్టడం ఆపి వచ్చి ముడేసి పోయేది. ప్రతిసారీ ఆయన పక్కకు జరిగి నిలబడి, తన చేతిని లుంగీ మడతలో దాచుకునేవాడు. ఆ నిలబడడం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఇంట్లో మాకు నడక కంటే ముందు నేర్పిన మాట ఒకటే: ఎగిరొచ్చేదాన్ని పట్టకు. వంగు, తప్పుకో, లేదంటే పిడికిలితో పక్కకు కొట్టు. పట్టకు.

అటువంటి ఇంట్లోంచి ఒకడు వెళ్ళి గోల్‌కీపర్ అయ్యాడంటే అది ఆశ కాదు, చేతకానితనం. నాకు పరుగు రాదు. తన్నితే బంతి కంటే చెప్పు ముందు పోయేది. జట్టులో ఎక్కడా పనికిరాడని తేలిన తర్వాత నన్ను తీసుకుపోయి రెండు కర్రల మధ్య నిలబెట్టారు. ఆ కర్రలకు పైన అడ్డంగా కట్టింది మా ఇంటి వేస్టు నూలు పేనిన తాడు. వెనక వల కూడా అదే నూలుతో అవ్వ అల్లి ఇచ్చింది. ఇంత సామాను మా ఇంటిదైనప్పుడు నన్ను తీసేయడానికి వాళ్ళకు మొహమాటం అడ్డొచ్చింది. ఈ సంగతి బాపుకు తెలిసిన రోజు సాంచాలన్నీ ఆపి నన్ను పిలిచాడు. మా ఇంట్లో సాంచా ఆపి మాట్లాడారంటే అది పెళ్ళి మాటో చావు మాటో అయి ఉండాలి.

"ఆడుకో, వద్దంటలేను" అన్నాడు. "గని బంతిని పట్టకు. గుద్దు. బంతి పోతే గోలు పోతది, గంతే. ఏలు పోతే సాంచా పోతది. ఒక్క ఏలు ఇరిగినా మళ్ళ నువ్వు గ్రౌండు మొకం చూసుడు లేదు."

"మంచిది బాపు" అన్నాను. అట్లా నా ఆటంతా ఆ ఒక్క షరతు మీద నిలబడింది.

ఇక గుద్దడం మొదలుపెట్టాను. మెల్లగా చేతికి దొర్లొచ్చిన బంతిని కూడా గుద్దేవాణ్ణి. ఎవరూ తన్నకుండా గాలికి వచ్చిన బంతిని గుద్దాను. ఆట అయిపోయాక సామాను సర్దుకుంటూ ఎవరో నాకు అందించిన బంతిని కూడా అలవాటుగా గుద్దితే, అది పోయి గ్రౌండు పక్కనున్న హోటల్‌లో మిర్చి బజ్జీల మూకుట్లో పడింది. నూనె ఎగిరింది గానీ దేవుడి దయ వల్ల ఎవరి మీదా పడలేదు. ఆ తర్వాత హోటలాయన, నేను గోల్‌లో నిలబడిన రోజుల్లో పొయ్యి లోపలికి జరుపుకునేవాడు. మా జట్టులో యాకూబ్ అని నా ప్రాణ స్నేహితుడు ఉండేవాడు. వాళ్ళ అబ్బా సాంచాల మోటార్లు బాగుచేసే మిస్త్రీ, మా ఇంటికి వారానికోసారైనా వచ్చేవాడు, వెంట వీడూ. యాకూబ్ నాకు ముందర నిలబడి గోల్ కాయాలి. ఒకసారి పైనుంచి వస్తున్న బంతికి నేను గురిపెట్టిన పిడికిలి వాడి మూతికి తగిలి, ముందరి పన్ను సగం విరిగింది. అప్పట్నుంచి కార్నర్ వచ్చి మైదానం మూల నుంచి బంతి గోల్ మీదికి లేస్తుందంటే, వాడు ఎదుటి జట్టు వాళ్ళ కంటే నన్నే ఎక్కువ కనిపెట్టి ఉండేవాడు. మా గోల్ పోలు పక్కనే, నా పిడికిలికి అందని చోటు చూసుకుని, వీపు పోలుకు ఆనించి నిలబడేవాడు.

మా డ్రిల్లు సారుకు ఇది మింగుడుపడలేదు. "పట్టుకున్న బంతి నీదిరా. గుద్దిన బంతి ఎవలదో దేవునికే ఎరుక" అనేవాడు. గుద్దితే గండం తప్పదు, కాస్త వాయిదా పడుతుంది, అంతే అని ఆయన వాదన. ఒక రోజు బాపుతో మాట్లాడదామని ఇంటికే వచ్చాడు. పాపం, సాంచాల చప్పుడు అలవాటు లేని మనిషి. ఆయన ఏదో అన్నాడు, బాపు ఆయన మూతి చూసి జవాబు చెప్పాడు, ఆయనకు అది వినపడలేదు. ఇద్దరూ చాలాసేపు చేతులతోనే వాదించుకున్నారు. సారు రెండు చేతులూ కడుపుకు హత్తుకుని బంతి ఎట్లా పట్టాలో చూపిస్తాడు. బాపు తన వంకర వేలు పైకెత్తి చూపిస్తాడు. చివరికి సారు ఆ వేలు చూసి, చేతులు దించి, అవ్వ ఇచ్చిన చాయ తాగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి బువ్వల దగ్గర ఇంట్లో మళ్ళీ అదే చర్చ. "పట్టుడో గుద్దుడో గని, అంగి చింపుకోకుండ ఇంటికి రా, గంతే సాలు" అంది అవ్వ. సర్వపిండి ముక్క పచ్చిపులుసులో నానబెట్టుకుంటున్న బాపు తల్లి, మా బాపమ్మకు మాత్రం ఆట ధర్మమే నచ్చలేదు. "ఇంటిదాక అచ్చినదాన్ని గుద్దుతరారా ఎవలన్న? లోపటికి రానియ్యిరాదు" అంది. తర్వాతి కాలంలో నేను వదిలిన గోల్స్ చూస్తే ఆవిడ మాటే ఎక్కువ పాటించానేమో అనిపిస్తుంది.

సారు మాత్రం ఊరుకోలేదు. జగిత్యాలలో స్కూళ్ళ పోటీలు పెడుతున్నారని తెలిసిన ఎండాకాలం, మానేరు ఎండిపోయి ఇసుక తేలినప్పుడు, నన్నూ యాకూబ్‌నూ వాగులోకి తీసుకుపోయి బంతి పట్టడం నేర్పాడు. ఇసుకలో పడితే దెబ్బ తగలదు, వేళ్ళకూ ప్రమాదం లేదు. రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి, అరచేతులు విప్పి, బంతిని కళ్ళతో చేతుల్లోకి తెచ్చుకుని, వెంటనే కడుపులోకి లాక్కోవాలి. మొదటి రోజుల్లో బంతి దగ్గరకు రాగానే నా వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయేవి. "నువ్వు నాడెను చూస్తున్నవ్ రా, బంతిని చూడు" అని సారు అరిచేవాడు. ఎండాకాలం అయిపోయే సరికి బంతి నా చేతుల్లో నిలవడం మొదలైంది. ఎగురుతున్న ఒక వస్తువు వచ్చి నా కడుపులో ఒదిగిపోయి ఆగిపోతే ఎంత హాయిగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ఆట బందని భయం. ఊళ్ళో ఆటల్లో మునుపటిలాగే గుద్దేవాణ్ణి.

జగిత్యాలలో కోరుట్ల జట్టుతో ఆఖరి ఆట నాడు సిరిసిల్లలో పొద్దుటి నుంచే కరెంటు లేదు. సాంచాలు ఆగితే మా బాపుకు ఏం చేయాలో తోచేది కాదు. ఆ నిశ్శబ్దంలో కాసేపు నూనె వేసి, కాసేపు ఊడ్చి, ఇక ఉండలేక బస్సెక్కి జగిత్యాల వచ్చేశాడట. నాకు తెలియదు. ఆట సగంలో తలెత్తి చూస్తే, గీత అవతల జనంలో, లుంగీ మీద ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, చెవి వెనక బీడీతో మా బాపు. ఈయన ముందర బంతిని ఎట్లా పట్టడం? పడితే ఇంటికి పోయాక ఆట బందు. పట్టకపోతే సారు ముందర ఎండాకాలమంతా వృథా. అప్పటిదాకా ఎవరూ గోల్ కొట్టలేదు. ఇంకొంచెం సేపట్లో ఈల వేస్తారనగా కోరుట్లకు కార్నర్ వచ్చింది. యాకూబ్ ఎప్పట్లాగే నాకు అందకుండా పోలుకు ఆనుకుని నిలబడ్డాడు. బంతి పైకి లేచింది. అందరి తలల మీదుగా, ఎవరికీ అందకుండా, నా కోసమే పంపినట్టు మెల్లగా దిగుతోంది. ఇక ఆ క్షణంలో నాకు ఇల్లూ లేదు, సాంచాలూ లేవు. పట్టేద్దామనే అనుకున్నాను. రెండు బొటనవేళ్ళూ పక్కపక్కకు వచ్చాయి. అరచేతులు విప్పాను. అప్పుడు అంత గోలలోనూ మా బాపు గొంతు వినపడింది: "పట్టకు!"

నా వేళ్ళు ముడుచుకుపోయాయి. విప్పిన చేయి సగంలో పిడికిలయింది. అది గుద్దూ కాదు, పట్టూ కాదు. బంతి నా కణుపులకు తగిలి నిటారుగా పైకి లేచి, నేను కళ్ళు చిట్లించి వెతుక్కునే లోపు, నా తల వెనకగా దిగి లోపలికి దొర్లింది. ఆ రోజు కోరుట్ల వాళ్ళు బజారులో నన్ను కూడా ఊరేగించి ఉంటే న్యాయంగా ఉండేది, వాళ్ళకు గోల్ కొట్టి పెట్టింది నేనే కాబట్టి.

జట్టంతా లారీలో వెళ్ళిపోయింది. మొహం చెల్లక నేను బాపుతో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు నాకిచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత నా కుడిచేయి తన ఒళ్ళోకి తీసుకుని, ఒక్కో వేలూ మడిచి విప్పి చూశాడు. ఆ చేయి అయ్యాక ఎడమచేయి.

"ఎందుకు గుద్దినవ్ రా?" అన్నాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నువ్వే గద బాపు, పట్టకు అని ఒర్లితివి!"

ఆయన నా మొహంలోకి చూశాడు. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. ఆ పూట నాకు పెదవులు చదివే ఓపిక లేదు, కిటికీ వైపు తిరిగాను. కాసేపటికి వెనక నుంచి ఆయన గొంతు వచ్చింది.

"అవ్. నేనే అన్న" అన్నాడు. "ఏళ్ళన్ని మంచిగున్నయ్. సాలు తియ్."

ఆ తర్వాత నేను మళ్ళీ గోల్‌లో నిలబడలేదు. నిలబడమని బతిమాలిన వాళ్ళు కూడా ఎవరూ లేరు. కానీ ఆ ఓటమి వల్ల నాకొక మంచి కథ దొరికింది. ఇన్నేళ్ళూ ఆ కథ మీదే బతికాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, రైలు ప్రయాణాల్లో చెప్పాను, కోరుట్లలో పాఠం ఎక్కని మధ్యాహ్నాలు పిల్లలకు చెప్పాను. నాడె భయంతో కొడుకు కప్పు పోగొట్టిన తండ్రి కథ. గీత అవతల నిలబడి, వంకర వేలు ఊపుతూ, మెడ నరాలు ఉబ్బేలా "పట్టకు" అని అరిచిన మా బాపును నేను అభినయించి చూపిస్తే నవ్వని మనిషి లేడు. వంకర వేలు ఊపడం నా సొంత కల్పన, కథ పండడానికి. వియ్యాలవారి ముందు చెప్పినప్పుడు బాపు పక్కనే ఉన్నాడు. నా రిటైర్మెంట్ సభలో మైకులో చెప్పినప్పుడు ముందు వరుసలోనే కూర్చున్నాడు, పండు ముసలి. అందరూ తిరిగి ఆయన వైపు చూసి నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వాడు, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ. "ఏం చేస్తం, నా నోరు ఊకోదు" అన్నాడు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. దినాల నాడు కూడా ఎవరో అడిగితే ఈ కథే చెప్పాను.

శనివారం గ్రౌండుకు చేరేసరికి సహస్ర చేతులకు పెద్ద పెద్ద గ్లవ్స్ తొడుక్కుని ఎదురొచ్చింది. వేలు వెనక్కి వంగకుండా వాటిలో గట్టి పుల్లలుంటాయట. చూసి మా బాపు గుర్తొచ్చాడు. ఇవి అప్పుడుంటే ఆయనకు సాంచా దగ్గర ఒక జత, నాకొక జత కొనేవాణ్ణి. దారంతా ఆలోచించుకున్న జవాబు చెప్దామని గొంతు సవరించుకున్నాను. డ్రిల్లు సారు పక్షం, మా బాపు పక్షం, రెండూ వివరించి, చివరికి నా సమన్వయం. "ముందుగాల మీ మేడం ఏం చెప్పిందో చెప్పు" అన్నాను. "చుట్టు మంది ఎక్కువుంటే పంచ్ చెయ్, ఖాళీగ ఉంటే పట్టుకో అన్నది తాతా. గంతే" అంది. మా ఊళ్ళో ఏళ్ళ తరబడి తేలని తగవు ఆ మేడం నోట ఒక్క ముక్కలో తేలిపోయింది. నేను తల ఊపి, "నేను గూడ గదే చెప్దామనుకున్న" అన్నాను.

ఆట ఉందని నేను ఫోన్ చేస్తే యాకూబ్ కోరుట్ల నుంచి స్కూటీ మీద వచ్చాడు. నేను కోరుట్లలో పనిచేసినన్నాళ్ళూ వాడు మస్కట్‌లో ఉన్నాడు. వాడు తిరిగొచ్చి కోరుట్లలో ఎలక్ట్రికల్ దుకాణం పెట్టుకునేసరికి నేను రిటైరై సిరిసిల్ల చేరాను. ఎక్కడో పెళ్ళిలో ఒక పలకరింపు తప్ప, తీరిగ్గా పక్కపక్కన కూర్చోవడం మళ్ళీ ఇదే. గీత పక్కన కుర్చీలు వేసుకున్నాం. పిల్లల తల్లిదండ్రులు నలుగురు చుట్టూ చేరారు. ఆటా, గ్రౌండూ, జనమూ దొరికాక నేనాగుతానా? కథ ఎత్తుకున్నాను. నాడె, వంకర వేలు, కార్నర్. లేచి నిలబడి, మెడ నరాలు ఉబ్బించి "పట్టకు!" అని అరిచి చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. యాకూబ్ నవ్వలేదు. సగం పన్ను కనపడేలా నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"గట్ల అనలేదుర" అన్నాడు.

"ఎవలు?"

"మీ బాపు. పట్టకు అనలే. పట్టుకో అన్నడు."

"నీకు చెవుడచ్చిందా? గంత లొల్లిల నీకు వినపడ్డదా ఏంది?"

"ఇనుడేందిర, చూసిన. నువ్వు బంతిని చూస్తున్నవ్. నేను పోలుకు ఆనుకొని నిలవడ్డ, నా మొకం మీ బాపు దిక్కే ఉన్నది." వాడు తన మూతి నాకు చూపించాడు. చప్పుడు లేకుండా ముందు ఒక మాట, తర్వాత ఇంకో మాట. "చూడు. పట్టకు అంటే మూతి చిన్నగైపోతది. పట్టుకో అంటే నోరు గుండ్రంగ తెరుసుకొనే ఉంటది. సాంచాల నడుమ పెరిగినోళ్ళం, గిది గూడ తెల్వదా? నోరొక్కటే గాదుర భయ్. రెండు చేతులు గిట్ల కడుపుకు అదుముకున్నడు. బంతి నీకు గాదు, ఆయనకే అచ్చినట్టు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు భయపడి గుద్దినవనుకున్న. ఉత్తగ సిగ్గుపడ్తవ్, ఎందుకు తియ్యాలె అని ఊకున్న. నువ్వు ఇట్ల కథ చెప్పుకుంట తిరుగుతున్నవని నాకేం ఎరుక?"

మా ఇంటి వాకిట్లో డ్రిల్లు సారు చేతులు కడుపుకు హత్తుకుని చూపించినప్పుడు, వంకర వేలెత్తి వాదించిన మనిషి మా బాపు. ఆ పట్టు ఆయన అక్కడే చూసి మనసులో పెట్టుకున్నాడన్నమాట. అంత భయమున్న మనిషి, ఆ ఒక్క కార్నర్ వేళ నా వేళ్ళ సంగతి, సాంచాల సంగతి మరిచిపోయి పట్టుకోమన్నాడు. బంతి పట్టడానికి ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి ఇచ్చిన అనుమతిని నేను వద్దన్నట్టు విన్నాను. పెదవులు చదవడంలో మా వీధిలోనే మొనగాణ్ణని చెప్పుకునేవాణ్ణి. బస్సులో ఆయన పెదవులు కదిలినప్పుడు కిటికీలోంచి చెట్లు చూశాను. "అవ్, నేనే అన్న." ఎంత సులువుగా మీద వేసుకున్నాడు! తర్వాత బతికినన్నాళ్ళూ, వియ్యాలవారి ముందూ, మైకు ముందూ, ఆ మాట నిలబెట్టుకుంటూనే నవ్వాడు. నాకు కోపం కూడా వచ్చింది. ఒక్కసారైనా కాదనొచ్చు కదా అని. ఎప్పుడు కాదంటాడు? నేను కథ ఆపి ఊపిరి తీసుకుంటే కదా.

ఆట మొదలైంది. రెండో సగంలో కోరుట్ల పిల్లలకు కార్నర్ వచ్చింది. మా సహస్ర ముందర ఇద్దరు పొడుగు పిల్లలు. నేను తెలియకుండానే లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. రెండు మాటలూ గొంతులో ఒకేసారి అడ్డుపడ్డాయి. యాకూబ్ చొక్కా పట్టి కూర్చోబెట్టి, అరచేత్తో నా నోరు మూశాడు. "మీ ఖాందాన్ల ఎవలూ నోరు తెరువొద్దుర ఇగ" అన్నాడు. ఆ పిల్ల ఎవరి వైపూ చూడలేదు. చుట్టూ మంది ఉన్నారని రెండు పిడికిళ్ళూ కలిపి గుద్దింది, బంతి గీత అవతల పడింది. తర్వాత ఇంకోసారి ఖాళీ దొరికితే నిమ్మళంగా పట్టుకుంది. ఆట సమంగా అయిపోయింది. నేను లేకపోతే ఆట ఇంత సజావుగా నడుస్తుందని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు సిరిసిల్లలో మా వీధిలోకి నాడె లేని కొత్త మగ్గాలు వస్తున్నాయి. వాటిలో ఏదీ ఎగిరి బయట పడదు. చప్పుడూ తక్కువే. మూతి చూసి మాట పట్టే పిల్లలు ఇక పుట్టరు, ఆ అవసరం లేదు, అది మంచిదే. నా వేళ్ళు మాత్రం కీళ్ళవాతంతో ఈమధ్య వాటంతటవే వంకర తిరుగుతున్నాయి. ఏ నాడె దెబ్బా తగలకుండా, ఏ బంతీ పట్టకుండా ఇంత భద్రంగా దాచిన వేళ్ళు. పొద్దున చాయ కప్పు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి.

ఆట అయ్యాక పిల్లలు నీడలో కూర్చుని సోడా తాగుతుంటే సహస్ర నన్ను పిలిచింది. "తాతా, మావోళ్ళకు గా ముత్తాత కథ చెప్పు. నవ్వొస్తది" అంది. చెప్పాను. నాడె, వేలు, మానేరు ఇసుక, కార్నర్. ఈసారి లేచి అరవలేదు. "మా బాపు పట్టుకో అన్నడు. నాకే సరిగ వినపడలే" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. సహస్ర చిన్నబుచ్చుకుంది.

"గిదేంది తాతా, కథ మార్చినవ్? పాతదే మంచిగుండె."

"పాతది మా బాపుకు గూడ మంచిగనే అనిపించింది బిడ్డా. గందుకే ఆయన మార్చలేదు."

"నిజంగ పట్టుకో అన్నడా? ఎట్ల అన్నడు?"

చూపించడానికి లేచి నిలబడ్డాను. నోరు గుండ్రంగా తెరిచి, రెండు చేతులూ కడుపుకు హత్తుకున్నాను. పిల్లలు చూస్తున్నారు, యాకూబ్ చూస్తున్నాడు, చూపించడం అయిపోయింది. అయినా చాలాసేపటిదాకా ఆ చేతులు విప్పబుద్ధి కాలేదు.